2388 పెట్టి చూడండి: భాజనీయతా సూత్రాలు ఎక్కడ తప్పుతున్నాయి, ఎలా సరిచేయాలి

శ్రీనివాస మంగాపురం వైపు నుంచి కొండెక్కే శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2388. అలిపిరి దారిలో 3550. తిరుపతి పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటున్న ఈ రెండు సంఖ్యలు భాజనీయతా సూత్రాలకు, అంటే భాగహారం చేయకుండానే ఒక సంఖ్య మరోదాంతో శేషం లేకుండా పోతుందో లేదో చెప్పే సూత్రాలకు, మంచి పరీక్ష. అందులోనూ 2388 మరీ మంచిది. ఆరో తరగతి పిల్లలు ఎక్కడెక్కడ జారతారో అన్నీ దాంట్లోనే బయటపడతాయి.

2388 = 3 × 4 × 199. ఇందులో 199 ప్రధాన సంఖ్య. అందుకే 2388 అనేది 2, 3, 4, 6, 12లతో శేషం లేకుండా పోతుంది; 7, 8, 9, 11, 24లతో పోదు. ఈ పది సంఖ్యలూ ఒక వరసలో రాసిచ్చి, భాగహారం చేయకుండా అవును, కాదు అని పెట్టమనండి. ఏది తప్పు పెట్టారో దాన్నిబట్టి కింద వెతుక్కోండి. ‘సూత్రాలు మళ్లీ చదువుకో’ అని పంపేస్తే లాభం లేదు. చాలామందికి సూత్రం నోటికి వచ్చు, ఏ సూత్రం దేనికి పనిచేస్తుందో తెలియదు.

సమస్య: ‘అంకెలు కూడితే 21 వచ్చింది. 21 ఏడో ఎక్కంలో ఉంది కాబట్టి 7తో పోతుంది. ఆరో ఎక్కంలో లేదు కాబట్టి 6తో పోదు’

రెండూ తప్పే. 2388ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది. 6తో భాగిస్తే సరిగ్గా 398.

కారణం: అంకెల మొత్తం 3కీ 9కీ మాత్రమే చెల్లుతుందన్న సంగతి పట్టుబడకపోవడం. ఎందుకు చెల్లుతుందో ఒక్కసారి కళ్లతో చూస్తే ఈ తప్పు మళ్లీ రాదు. 34 చింతగింజలు తీసుకోండి. పదేసి చొప్పున మూడు కుప్పలు, విడిగా నాలుగు గింజలు. ఒక్కో కుప్పలోంచి 9 గింజలు తీసి పక్కన పెట్టేయండి. కుప్పకు ఒక్కటే మిగిలింది. మూడు కుప్పలకు 3, విడివి 4, మొత్తం 7. అంకెలు 3, 4 కూడినా అదే 7. అంటే అంకెలు కూడటమంటే తొమ్మిదులన్నీ తీసేయగా మిగిలింది లెక్కపెట్టడమే. వందలోంచి 99, వెయ్యిలోంచి 999 తీస్తే కూడా ఒక్కటే మిగులుతుంది. 9 పోయేచోట 3 ఎలాగూ పోతుంది కాబట్టి 3కీ అదే సూత్రం.

ఇప్పుడు అవే గింజలతో 7కి చేయించండి. కుప్పకు 7 తీస్తే మిగిలేది 3. మూడు కుప్పలకు 9, విడివి 4, మొత్తం 13. అందులో మరో 7 పోతే శేషం 6. అంకెల మొత్తం 7 అయినా 34 ఏడో ఎక్కంలో లేదు. కుప్పకు ఒకటి కాకుండా మూడు మిగులుతున్నప్పుడు అంకెలు ఊరికే కూడితే ఎలా సరిపోతుంది? ఈ మాట పిల్లల నోటే రావాలి, మనం తొందరపడి చెప్పేయకూడదు.

6కి వేరే సూత్రం లేదు. సరిసంఖ్య కావాలి, 3తో కూడా పోవాలి. 2388లో చివర 8, అంకెల మొత్తం 21, రెండూ కుదిరాయి. అదే 21 తొమ్మిదో ఎక్కంలో లేదు కాబట్టి 9తో పోదు. 21లో 9 రెండుసార్లు పోగా మిగిలే 3, 2388ని 9తో భాగించినప్పుడు వచ్చే శేషం కూడా.

సమస్య: ‘4తో పోయింది, 6తో పోయింది, కాబట్టి 24తో పోతుంది’

2388ని 24తో భాగిస్తే 99సార్లు పోయి 12 మిగులుతుంది. ‘2తో, 4తో పోతే 8తో పోతుంది’, ‘3తో, 9తో పోతే 27తో పోతుంది’ అనేవీ ఈ జాతి తప్పులే.

కారణం: 4లోనూ 6లోనూ ఉన్న 2 ఒక్కటే, దాన్ని రెండుసార్లు లెక్కేశారు. రెండు సంఖ్యలతో పోయే సంఖ్య వాటి క.సా.గు.తో (కనిష్ఠ సామాన్య గుణిజంతో) తప్పకుండా పోతుంది, వాటి లబ్ధంతో పోవాలని లేదు. 4, 6ల క.సా.గు. 12. అంతవరకే మనకు హామీ.

సవరణ: పెద్ద భాజకాన్ని విడగొట్టేటప్పుడు రెండు ముక్కలకూ 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. 12కి 3, 4. 15కి 3, 5. 18కి 2, 9. ఇక్కడ 3, 6 పెట్టేవాళ్లు చాలామంది. 24కి 3, 8. 36కి 4, 9. 45కి 5, 9. 72కి 8, 9. 27ను ఇలా విడగొట్టడం కుదరదు, నేరుగా భాగించుకోవడమే మేలు.

సమస్య: 4కీ 8కీ ఎన్ని అంకెలు చూడాలో తికమక

చివర 4 గానీ 8 గానీ ఉంటే 4తో పోతుందనుకునే పిల్లలకు 3514 ఇవ్వండి. 14 నాలుగో ఎక్కంలో లేదు, కాబట్టి పోదు. 100 నాలుగో ఎక్కంలోది (4 × 25), అందుకని వందలు, ఆపైన ఉన్నవి వదిలేసి చివరి రెండంకెలు చూస్తాం. 8కి 100 కుదరదు, 1000 కావాలి (8 × 125), అందుకని మూడంకెలు. 3550లో 50 నాలుగుతో పోదు, ఇక 8 దాకా వెళ్లనక్కర్లేదు.

మూడంకెలను 8తో భాగించడం కష్టమైతే ఒక చిన్న ఉపాయం ఉంది. వందల స్థానంలో సరి అంకె ఉంటే చివరి రెండంకెలే చూడండి. బేసి అంకె ఉంటే వాటికి 4 కలిపి చూడండి. 2388లో వందల అంకె 3, బేసి. 88 + 4 = 92, ఎనిమిదో ఎక్కంలో లేదు. కాబట్టి 2388 ఎనిమిదితో పోదు.

సమస్య: 11 సూత్రంలో ఒక్కోసారి ఒక్కో జవాబు

సూత్రం ఇది: కుడి నుంచి ఒకటో, మూడో, ఐదో స్థానాల అంకెలు ఒకచోట, రెండో, నాలుగో, ఆరో స్థానాలవి ఇంకోచోట కూడి తేడా చూడాలి; ఆ తేడా 11తో పోతే సంఖ్య కూడా పోతుంది. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. కారణాలు మూడు.

మొదటిది, సున్నాను దాటేయడం. 8030లో సున్నాలు వదిలేసి 8 − 3 = 5, పోదు అంటారు. సున్నాకు విలువ లేకపోయినా స్థానం ఉంది. కుడి నుంచి 0, 3, 0, 8. ఒకటో, మూడో స్థానాల మొత్తం 0. రెండో, నాలుగో స్థానాల మొత్తం 11. తేడా 11, కాబట్టి పోతుంది. 11 × 730 = 8030.

రెండోది, తేడా 0 వస్తేనే పోతుందనుకోవడం. 0, 11, 22 ఏది వచ్చినా పోయినట్టే. 

మూడోది శేషం అడిగినప్పుడు బయటపడుతుంది. చిత్తూరు పిన్ కోడ్ 517001. కుడి నుంచి మొదలుపెట్టి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే 1 − 0 + 0 − 7 + 1 − 5 = −10. శేషం 10 అని రాసేస్తారు. రుణం వస్తే 11 కలపాలి: శేషం 1. ఎడమ నుంచి మొదలుపెడితే అంకెల సంఖ్య సరి అయినప్పుడు గుర్తు తిరగబడి 10 వస్తుంది. పోతుందా లేదా అన్నంతవరకు ఎటు నుంచైనా ఒకటే. శేషం కావాలంటే మాత్రం కుడి నుంచే.

గుర్తులతో తంటా పడే పిల్లలకు ఇంకో దారి చూపించండి, మా ఓటు దీనికే. 99 పదకొండో ఎక్కంలోది కాబట్టి కుడి నుంచి రెండేసి అంకెలు జతకట్టి కూడితే చాలు. తిరుపతి పిన్ కోడ్ 517501: 51 + 75 + 01 = 127. మళ్లీ 1 + 27 = 28. 28లో 22 పోతే శేషం 6. తీసివేత లేదు, రుణం లేదు.

సమస్య: 7 సూత్రంతో వచ్చిన శేషం, భాగహారంలో వచ్చిన శేషం కలవడం లేదు

చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదాంట్లోంచి తీసేయాలి. 2388కి: 238 − 16 = 222, ఆపైన 22 − 4 = 18. ఏడో ఎక్కంలో లేదు, కాబట్టి పోదు. ఇంతవరకు సరే. 18ని 7తో భాగిస్తే శేషం 4, కానీ 2388కి అసలు శేషం 1. పిల్లలు లెక్క తప్పు చేయలేదు. ఈ సూత్రం అవును, కాదు చెబుతుందే తప్ప శేషం చెప్పదు. శేషం కావాలంటే భాగహారమే చేయండి, చిన్న సంఖ్యకు అంతకన్నా తొందర దారి లేదు.

పెద్ద సంఖ్యకు ఒక దారి ఉంది. 7 × 11 × 13 = 1001 కాబట్టి, కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తే 7, 11, 13 మూడింటికీ శేషాలు దొరుకుతాయి. చిక్కంతా మన కామాల్లో ఉంది. 5,17,501 అని రాసి కామా ఉన్నచోటే విడగొట్టి 501 − 17 + 5 = 489 అంటారు. తప్పు. మన పద్ధతిలో వేల తర్వాత రెండేసి అంకెలకు కామా పడుతుంది, ఈ సూత్రానికి మూడేసి కావాలి. కామాలు కొట్టేసి 517, 501 అని విడగొట్టండి. 501 − 517 = −16. దానికి 7 గుణిజమైన 21 కలిపితే 5, అదే 7తో వచ్చే శేషం. 22 కలిపితే 6, పైన పదకొండుకి వచ్చిందే. 26 కలిపితే 10, అది 13తో.

సమస్య: గడిలో అంకె నింపే లెక్కలో ఒక జవాబే రాసి ఆపేయడం

27□54 తొమ్మిదితో పోవాలంటే గడిలో ఏముండాలి? ఉన్న అంకెల మొత్తం 18. వెంటనే 0 అని రాస్తారు, 9 కూడా కుదురుతుందని చూడరు. కొందరు 9 రాసి 0ని వదిలేస్తారు. 3తో పోవాలంటే 0, 3, 6, 9 నాలుగూ కుదురుతాయి. జవాబు దొరికాక కూడా 0 నుంచి 9 దాకా వరసగా వేలుపెట్టి చూసే అలవాటు చేయించండి.

11కి గడి లెక్క వేరుగా ఉంటుంది. 5175□1లో జతలు కూడితే 51 + 75 + □1. గడిలో 6 పెడితే 51 + 75 + 61 = 187, అది 11 × 17. ఇంకే అంకె కుదరదు. అలాగే 10□ ఇచ్చి చూడండి. గడిలో 10 పడితే తప్ప కుదరదు, అది అంకె కాదు. 11 గుణిజాల్లో 99 తర్వాతది 110. మధ్యలో ఏమీ లేదు. అక్కడ ‘ఏ అంకె పెట్టినా పోదు’ అని రాసినవాళ్లకే పూర్తి మార్కులు ఇవ్వాలి.