ఓపెన్ టీటీడీలో విశాఖ జంక్షన్: సిగ్నల్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

విశాఖపట్నం స్టేషన్ హౌరా–చెన్నై మెయిన్ లైన్ రైళ్లకు తలుపు ఒక్కటే ఉన్న ఇల్లు లాంటిది. విజయవాడ వైపు నుంచి వచ్చినా, విజయనగరం వైపు నుంచి వచ్చినా లోపలికి దారి ఒకటే. రైలు ముందుకు సాగాలంటే ఇంజను ఇటు విప్పి అటు తగిలించాలి. అందుకే చాలా రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ నుంచి బైపాస్ మీదుగా సింహాచలం నార్త్ వైపు వెళ్లిపోతాయి. ఇదే లేఅవుట్‌ను ఓపెన్ టీటీడీ అనే కంప్యూటర్ ఆటలో (ఇక్కడ టీటీడీ అంటే ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్) కడితే చివరి స్టేషన్, బైపాస్, ఘాట్ మీద సింగిల్ లైన్ మూడూ ఒకే మ్యాప్‌లో వస్తాయి. సిగ్నళ్లు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

అన్నిటికీ సూత్రం ఒక్కటే: రైలు ఆగినా మరో రైలుకు అడ్డం కాని చోటే సిగ్నల్ పెట్టాలి. సిగ్నల్ దగ్గర రైలు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. అప్పుడు దాని తోక ఎక్కడుంటుందో ముందే చూసుకోవాలి.

కాబట్టి ట్రాక్ వేయకముందే రైలు పొడవు తేల్చుకోండి. మామూలు పొడవున్న పెట్టెలు గడికి (మ్యాప్‌లో ఒక చదరానికి) 2 పడతాయి. ఇంజను 1, వ్యాగన్లు 9 అయితే 5 గడులు. ప్లాట్‌ఫారాలు, లూపులు (ఎదురు రైళ్లు తప్పుకునే పక్క ట్రాకులు), సిగ్నల్ వెనక వదిలే జాగా అన్నీ ఈ కొలతతోనే వేయండి. ప్లాట్‌ఫారం కంటే రైలు పొడుగైతే లోడింగ్ నెమ్మదిస్తుంది. దానికన్నా పెద్ద నష్టం, తోక బయటి పాయింట్ల (ట్రాకులు విడిపోయే చోటు) మీద ఉండిపోయి పక్క ప్లాట్‌ఫారాల దారి కూడా మూసుకుపోవడం.

సిగ్నళ్లలో పాత్ సిగ్నల్, వన్‌వే పాత్ సిగ్నల్ ఈ రెండూ చాలు. బ్లాక్ సిగ్నల్ అయితే తర్వాతి సిగ్నల్ దాకా ఉన్న ట్రాక్ మొత్తంలో ఒక్క రైలునే ఉండనిస్తుంది. పాత్ సిగ్నల్ రైలుకు కావాల్సిన దారిని మాత్రమే రిజర్వ్ చేస్తుంది, దారులు ఒకదాన్నొకటి కోసుకోకపోతే రెండు రైళ్లు ఒకేసారి కదులుతాయి. వన్‌వే రకాన్ని వెనక నుంచి ఏ రైలూ దాటలేదు. మామూలు పాత్ సిగ్నల్‌ను వెనక నుంచి దాటవచ్చు. ఈ తేడా మీదే స్టేషన్ అంతా ఆధారపడుతుంది.

విశాఖ స్టేషన్

అసలు స్టేషన్‌లో 8 ప్లాట్‌ఫారాలున్నా మొదట 4 వేయండి. వచ్చే లైన్, పోయే లైన్ పక్కపక్కన తెచ్చి, స్టేషన్ ముందు కత్తెర ఆకారంలో కలిపి, అక్కడి నుంచి 4 ప్లాట్‌ఫారాలకు విడదీయండి. ఈ పాయింట్ల ప్రాంతం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. రైలు తోక దాటితేనే ఆ ట్రాక్ విడుదలవుతుంది, పొడుగైతే వెనకవాళ్లు అంతసేపు ఆగాలి.

ఇక సిగ్నళ్లు. మన రైల్వే మాటల్లో చెబితే హోమ్, స్టార్టర్, అడ్వాన్స్‌డ్ స్టార్టర్.

హోమ్: వచ్చే లైన్ మీద, కత్తెరకు సరిగ్గా ముందు, వన్‌వే పాత్ సిగ్నల్. ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే రైలు అవుటర్‌లో ఆగేది ఇక్కడే. దీని వెనక కనీసం 5 గడులు పాయింట్లు లేని ట్రాక్ ఉండాలి.

స్టార్టర్: ప్రతి ప్లాట్‌ఫారం మూతి దగ్గర మామూలు పాత్ సిగ్నల్. దీపం ఉన్న ముఖం ప్లాట్‌ఫారం వైపు తిరగాలి. బయల్దేరే రైలు దానికి ఆగుతుంది, లోపలికొచ్చే రైలు దాని వీపు దాటుకుని వస్తుంది. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వన్‌వే పెడితే ఆ ప్లాట్‌ఫారంలోకి ఒక్క రైలూ రాదు, మిగతా మూడింటి మీదే భారం పడుతుంది. ముఖం అటు తిరిగి ఉంటే లోపలికొచ్చే రైలు పాయింట్ల మీదే ఆగిపోవచ్చు. సిగ్నల్ మీద మళ్లీ క్లిక్ చేస్తే ముఖం మారుతుంది. కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే రకం మారుతుంది.

అడ్వాన్స్‌డ్ స్టార్టర్: పోయే లైన్ మీద కత్తెర అయిపోయాక 5 గడులు వదిలి, వన్‌వే పాత్ సిగ్నల్. పాయింట్లకు ఆనుకుని పెట్టారో, ముందు లైన్ నిండినప్పుడు రైలు ముక్కు సిగ్నల్ దగ్గర, ఒళ్లంతా కత్తెర మీద ఉంటుంది. స్టేషన్ మొత్తం స్తంభిస్తుంది.

ఆటలో ఇంజను మార్చే పనిలేదు, రైలు దానంతటదే తిరుగుతుంది. అయితే పాత్‌ఫైండర్ దారి వెతికేటప్పుడు స్టేషన్‌లో తిరగడాన్ని లెక్కలోకి తీసుకోదు. విశాఖలోకొచ్చి వెనక్కి తిరిగి సాగాల్సిన రైలుకు ఆర్డర్లలో విశాఖను స్పష్టంగా రాయండి. బైపాస్‌లో పోవాల్సిన రైలుకు బైపాస్ మీద ఒక వేపాయింట్ (రైలు ఆగకుండా దాటిపోయే గుర్తు) పెట్టి దాని మీదుగా పంపండి. బైపాస్ కలిసే చోట ఎదురు లైన్‌ను కోయకుండా వంతెన మీదుగా దాటించండి. డబ్బు ఎక్కువైనా దాచుకోవాల్సిన చోటు అది కాదు.

కేకే లైన్

కొత్తవలస–కిరండూల్ లైన్ బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించుతుంది. దారిలో 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్ ఉంది. ఆటలో దీన్ని సింగిల్ లైన్‌గా కట్టి, క్రాసింగ్‌ల కోసం లూపులు వేయండి. లూపులో రెండు ట్రాకులు, ఒక్కోటి 6 గడులు, ఒకటి ఎక్కే రైలుకు, రెండోది దిగే రైలుకు. ఎక్కే ట్రాక్‌కు పై చివర, దిగే ట్రాక్‌కు కింది చివర వన్‌వే పాత్ సిగ్నల్. లూపు మొత్తానికి ఈ రెండే. లూపు నుంచి లూపు దాకా సింగిల్ లైన్ మీద ఒక్క సిగ్నల్ కూడా పెట్టకండి.

ఎందుకో చూడండి. మధ్యలో పాత్ సిగ్నల్ ఉంటే కింది లూపు రైలు అక్కడిదాకా చోటుంది కదా అని బయల్దేరుతుంది. పై నుంచి ఇంకోటి అలాగే దిగుతుంది. రెండూ ముక్కు ముక్కు ఆనించి నిలబడతాయి, వెనక లూపుల్లో మిగతావి పేరుకుపోతాయి. సిగ్నల్ లేకపోతే, పై లూపులో తన ట్రాక్ చివరిదాకా దారి దొరికితేనే రైలు కదులుతుంది. అక్కడ ముందే ఒకటి ఆగి ఉంటే ఇది ఇక్కడే ఆగుతుంది.

ఘాట్ ఎక్కించడానికి మెట్టు వెంట మెట్టు వేయకండి. ఒక మెట్టు, 5 గడులు సమం, మళ్లీ మెట్టు. అప్పుడు ఒకేసారి రైలులో 2, 3 పెట్టెలు మాత్రమే ఎక్కుడు మీద ఉంటాయి. మామూలు సెట్టింగ్‌లో రైళ్లకు వాలు 3 శాతం. బరువైన రైలు వాలు మీద ఆగితే కదలడానికి చాలాసేపు పడుతుంది. అందుకే లూపు చివరి సిగ్నల్ తర్వాత కూడా కొంత సమతలం ఉంచి, ఆపైనే మెట్టు మొదలుపెట్టండి.

డబుల్ లైన్ మీద సిగ్నళ్లు లాగి వేసేటప్పుడు సిగ్నళ్ల విండోలో వాటి మధ్య దూరం మార్చవచ్చు. మొదట 4 గడులుంటుంది, మన 5 గడుల రైలుకు అది బాగానే సరిపోతుంది.

ఇరుక్కుంటే

సెట్టింగ్స్‌లో రిజర్వ్ అయిన ట్రాక్‌లను చూపించే ఆప్షన్ ఆన్ చేయండి. ఏ రైలు ఏ దారి పట్టుకుందో రంగు చెబుతుంది. రైలు మీద క్లిక్ చేస్తే తెరుచుకునే విండోలో ఖాళీ దారి కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తే, ముందున్న సిగ్నల్ నుంచి ట్రాక్ వెంబడి వెళ్లి ఆ రంగు ఎక్కడ అడ్డం పడిందో వెతకండి.

సింగిల్ లైన్‌లో ఎదురెదురుగా నిలిచిపోతే, సిగ్నల్ దాటించే బటన్ నొక్కకండి, రైళ్లు గుద్దుకుంటాయి. వెనక దారి ఖాళీగా ఉన్న రైలును ఎంచుకుని తిరిగే బటన్ నొక్కండి. అది తను వదిలిన లూపుకు వెళ్లి ఎదురు ట్రాక్‌లోకి ఎక్కుతుంది. ఆ ట్రాక్ ఖాళీగా ఉందో లేదో ముందే చూడండి. రెండో రైలు దాటగానే మధ్య సిగ్నల్ పీకేసి, ఆ తర్వాతే మిగతా రైళ్లను వదలండి.