మందు కొట్టే డ్రోనుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్: గట్టు అవతల ఏముందో చూసి తీసుకోండి

డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములు దాటిన ఏ డ్రోనూ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ఎగరకూడదు. చేలకి మందు కొట్టే డ్రోను ట్యాంకు నింపాక పాతిక కిలోల దగ్గరుంటుంది కాబట్టి దానికి తప్పించుకునే దారి లేదు. అయితే రూలు అడిగేది పాలసీ ఉందా లేదా అనే. అందులో ఏ నష్టం ఉంది, ఏది లేదు అన్నది ఓనరే చూసుకోవాలి.

మొదట చేతిలో ఉన్న కాగితం తేదీ చూడండి. మహిళా సంఘాలకి డ్రోన్లిచ్చే కేంద్ర పథకం నమో డ్రోన్ దీదీ కింద వచ్చిన డ్రోనుకి ప్యాకేజీలో ఇన్సూరెన్స్ ఒక్క ఏడాదికే, మెయింటెనెన్స్ కాంట్రాక్టు రెండేళ్లకి. ఈ రెండూ కలగలిపేసుకుంటే రెండో ఏడు డ్రోను పాలసీ లేకుండానే ఎగురుతుంది. ఇంకోటి, డ్రోను పాడైతే బాగుచేయించేది హల్ కవర్, ఎదుటివాడి నష్టం కట్టేది థర్డ్ పార్టీ. లోను ఇచ్చిన బ్యాంకు మొదటిదాని గురించే పట్టించుకుంటుంది. చట్టం అడిగేది రెండోది.

పాలసీ వివరాలుండే షెడ్యూలు పేజీలో యుఐఎన్ (డ్రోను రిజిస్ట్రేషన్) నంబరు, ఓనరు పేరు, మొత్తం బరువు, వాడకం అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. సొంత పొలానికని రాయించి ఎకరానికింతని ఊళ్లో వాళ్ల చేలకి కొడితే క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి ఆ ఒక్కటి చాలు. పెద్ద ట్యాంకు బిగించి బరువు 25 కిలోలు దాటిందంటే డ్రోను స్మాల్ తరగతి నుంచి మీడియంలోకి పోతుంది, పాలసీ మాత్రం పాత తరగతిలోనే ఉండిపోతుంది. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ లేని కుర్రాడు నడిపినా అంతే సంగతులు.

ఇక అసలు విషయం. మన గోదావరి డెల్టాలో డ్రోను కూలడం కంటే మందు గాలికి పోవడం గురించే ఎక్కువ ఆలోచించాలి. భీమవరం చుట్టుపక్కలా, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపూ వరి చేనూ రొయ్యల చెరువూ ఒకే గట్టుకి అటూ ఇటూ ఉంటాయి. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ పురుగుమందులు, ఫిప్రోనిల్ రొయ్యకి బహు తక్కువ మోతాదులోనే విషం. కలుపు మందు 2,4-డి తుంపర కడియం నర్సరీల మీదకో, పక్కనున్న మినుము మీదకో పోతే ఆకులు మెలితిరిగిపోతాయి. చాలా పాలసీల్లో కాలుష్యం, రసాయనాల వల్ల కలిగే నష్టం మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. డ్రోను చెరువులో కూలి ట్యాంకు పగిలితే అది అకస్మాత్తు ప్రమాదమని కొన్ని కంపెనీలు ఒప్పుకోవచ్చు. మామూలుగా కొడుతుండగా గాలి మళ్లి తుంపర పోతే మాత్రం, తుంపర నష్టానికి విడిగా కవర్ రాయించుకోకపోతే, మీ జేబులోంచే. ఏజెంటు ఫోనులో ‘అన్నీ వస్తాయండీ’ అంటే నమ్మకండి, ఎండార్స్‌మెంటు, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు, కాగితం మీద చూపించమనండి. మీరు మందు కొడుతున్న చేనే మాడిపోతే చాలా పాలసీలు ఇవ్వవు, అది కూడా అడగండి. మందు కలిపే మీ కుర్రాడు థర్డ్ పార్టీ కిందకి రాడు, అతనికీ పైలట్‌కీ వేరే ప్రమాద బీమా ఉండాలి.

కరెంటు లైన్ల సంగతి చాలామందికి తట్టదు. సాయంత్రం డ్రోను 11 కెవి లైనుకి తగిలి ఆ ఫీడరు మీదున్న కరెంటంతా పోయిందనుకోండి. తీగ బాగుచేసే ఖర్చు పెద్దదేం కాదు. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి, జనరేటర్ లేని చెరువులో తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలితే, ఆ రైతు మీ మీదకే వస్తాడు. ఇలా ఒక నష్టం వెంట వచ్చే రెండో నష్టం కవరవుతుందా అని రాతలో అడగండి.

ఎంత మొత్తానికి తీసుకోవాలంటే, గట్టు అవతలున్న ఖరీదైన సరుకుతో లెక్క మొదలుపెట్టండి. మూడెకరాల చెరువు, ఎకరానికి రెండు టన్నుల రొయ్య, కిలో 300 రూపాయలు అనుకుంటే 18 లక్షలు. రెండు చెరువులైతే 36. మనిషి చనిపోతే పరిహారానికి మోటారు వాహనాల చట్టమే వర్తిస్తుంది. నెలకి 15,000 సంపాదించుకునే 35 ఏళ్ల వ్యక్తికి ఏడాది ఆదాయం 1.8 లక్షలు. భవిష్యత్తు పెరుగుదలకి 40 శాతం కలిపితే 2.52 లక్షలు. నలుగురు ఆధారపడినవాళ్లుంటే అతని సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేసి 1.89 లక్షలు, దాన్ని ఆ వయసుకి వర్తించే 16తో గుణిస్తే 30.24 లక్షలు. అంత్యక్రియల ఖర్చు వగైరా దీనికి అదనం. చెరువుల మధ్య తిరిగే డ్రోనుకి 10 లక్షల పాలసీ ఉన్నా లేనట్టే. 50 లక్షల కంటే కింద ఆలోచించొద్దని మా మాట. ఆ సంఖ్య ఒక్కో ప్రమాదానికా, ఏడాది మొత్తానికా అన్నది చూడండి. మొదటి క్లెయిముతోనే ఏడాది పరిమితి కరిగిపోయే పాలసీ దాళ్వా (రబీ)లో ఖర్చయిపోతే, సార్వా (ఖరీఫ్)లో మళ్లీ నింపించుకునేదాకా డ్రోను ఎగరేయకూడదు. ప్రీమియం తగ్గించుకోవాలంటే ఎక్సెస్, అంటే ముందుగా మీరు భరించే మొత్తం, కొంచెం పెంచుకోండి. పరిమితి తగ్గించకండి.

ఏదైనా జరిగితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదమైతే 48 గంటల్లోపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి కూడా తెలియజేయాలి. మన ఊళ్లలో సాయంత్రానికే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇంత ఇచ్చుకో అని తేల్చేస్తారు. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా డబ్బిచ్చినా అది తిరిగి రావడం కష్టం. ఫ్లైట్ లాగు (డ్రోను ఎగిరిన రికార్డు), మందు బిల్లు, ఆ పూట గాలి వేగం, మందు కొడతామని ముందురోజు ఊళ్లో చెప్పినట్టు రుజువు, సీలు వేసిన చెరువు నీటి శాంపిలు దగ్గరుంచుకోండి. కంపెనీ నెల రోజుల్లో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. యానాం వాళ్లకీ ఆ ఆఫీసే.