ఓపల్ పలకను కోయాలా, ఉంచాలా? నా అనుభవం

పాత రాళ్ల పెట్టెలో పేరు తెలియని పలక ఒకటి దొరికింది. పాలరంగు. అటూ ఇటూ తిప్పితే ఒక మూల మాత్రం ఆకుపచ్చగా మెరిసేది, ఎంత అందమో! రంగులు మెరిసే ఓపల్ అనే రత్నపు రాయేమో అనిపించింది. కోసేయాలని ఉబలాటం. కోశాక మళ్లీ అతకదు కదా అని ఆగాను.

ముందు పక్క అంచును భూతద్దంతో చూశాను. జిగురు గీత లేదు, అంటే పొరలు అతికించిన రాయి కాదు. తర్వాత గాలిలో ఒకసారి, దారం కట్టి నీళ్లలో ముంచి ఒకసారి తూచాను. సాంద్రత 2.1 దగ్గర వచ్చింది, అంటే అంతే పరిమాణం నీటికి 2.1 రెట్లు బరువు. అగేట్ అనే చారల రాయి అయితే 2.6 ఉండాలి. ఓపల్ అన్న నమ్మకం కుదిరింది.

చివరికి వెనక నుంచి టార్చ్ వేస్తే, ఆ మెరిసే మూలకు అడ్డంగా వెంట్రుకంత పగులు! రంపం పెడితే ముందు విరిగేది అక్కడే. టెన్షన్ తీరింది. పలకను కోయకుండా ఉంచేశాను.