పికప్‌కు లిఫ్టు, పెద్ద టైర్లు ఎంచుకునే పద్ధతి

చాలామంది ముందు లిఫ్టు కిట్టు (బండిని ఎత్తు చేసే విడిభాగాలు) కొని, ఆ తరువాత టైర్ల గురించి ఆలోచిస్తారు. నిజానికి టైరు సైజును ముందుగా నిర్ణయించుకుని, దానికి చాలినంత లిఫ్టు మాత్రమే వేయించుకోవడం మేలు. ఎందుకంటే లిఫ్టు ఛాసిస్‌ను పైకి లేపుతుందే గాని, వెనుక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌ను (ఇంజను శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల డబ్బాను) నేలనుంచి ఏమాత్రం లేపదు. ఆ పని టైరే చేయాలి. ఛాసిస్‌పై బాడీని మాత్రమే ఎత్తు చేసే బాడీ లిఫ్టయితే ఛాసిస్‌ను కూడా లేపదు, టైరుకు చోటు మాత్రమే ఇస్తుంది.

265/70 ఆర్17 అంటే వెడల్పు 265 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు; మొత్తం వ్యాసం సుమారు 803 మి.మీ. దాని స్థానంలో 285/70 ఆర్17 వేస్తే వ్యాసం 831 మి.మీ. అవుతుంది, కాని ఇరుసు లేచేది ఆ తేడాలో సగం, అంటే 14 మి.మీ. మాత్రమే. పైగా స్పీడోమీటరు 100 చూపుతున్నప్పుడు బండి నిజానికి దాదాపు 103.5 కి.మీ. వేగంతో పోతుంటుంది. బరువైన టైర్ల వల్ల బ్రేకులపై భారం, ఇంధన ఖర్చు రెండూ పెరుగుతాయి.

ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా పైకీ కిందికీ కదిలే అమరిక) ఉన్న బండికి 2 అంగుళాల వరకు లిఫ్టు సాధారణంగా సరిపోతుందని నా అభిప్రాయం. అది దాటితే సీవీ జాయింట్ల (ముందు చక్రాలకు శక్తిని అందించే షాఫ్టుల కీళ్ల) కోణం పెరిగి అవి త్వరగా అరుగుతాయి. స్ప్రింగు దగ్గర పెట్టి ఎత్తు పెంచే బిళ్లలైన స్పేసర్లు చవకే గాని, గతుకుల్లో నడకను మెరుగుపరిచేవి మంచి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లే.

బిగించాక అలైన్‌మెంట్ చేయించి, ఒక ముందు చక్రాన్ని దిమ్మెపైకి ఎక్కించి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడాలి. స్టెప్నీ కూడా అదే సైజుది కావాలి. అది దాని చోటులో పడుతుందో లేదో కొనేముందే కొలుచుకోవాలి.