ఆన్‌లైన్ పేరు ఎలా పెట్టుకోవాలి? ఫోన్లో చెప్తే అవతలోళ్ళు నవ్వకుండా రాసుకునేలా

2006లో మా ఊరి నెట్ సెంటర్లో గంటకి 20 రూపాయలిచ్చి కూర్చుని యాహూలో ఐడీ పెట్టుకున్నా, ప్రేమపక్షి, తర్వాత ఒక అండర్‌స్కోర్, చివర 143. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు, 143 అంటే ఐ ఒక అక్షరం, లవ్ నాలుగు, యూ మూడు. నిజానికి అప్పుడు నాకు ప్రేమా లేదు, ఏమీ లేదు, పక్క కుర్చీలో ఫ్రెండు అలాంటిదే పెట్టుకున్నాడని నేనూ పెట్టేశా అంతే. మూడేళ్ళ తర్వాత అదే ఐడీ రెజ్యూమే మీద ఎక్కింది, ఇంటర్వ్యూలో మేడం దాన్ని మెల్లగా పైకి చదివి, తలెత్తి నన్ను చూసి, మళ్ళీ కాయితం చూసుకుంది. ఉద్యోగం రాలేదు. పక్షి వల్లేనని చెప్పలేను గానీ పక్షి సాయమైతే చెయ్యలేదు.

అప్పట్నుంచి ఎవరు కొత్త అకౌంట్ తెరుస్తున్నా పేరు విషయంలో నేను దూరిపోతుంటా. నా పద్ధతి ఇదీ.

1. ఆ పేరుతో మిమ్మల్ని ఎవరు పిలుస్తారో ముందు తేల్చుకోండి

ఆఫీసు, బ్యాంకు, కాలేజీ వీటికి అసలు పేరే పెట్టుకోండి, అక్కడ క్రియేటివిటీ వద్దు. గేమ్, కవితలు, వంటల వీడియోలు, సినిమా గొడవలు వీటికి ఇంకో పేరు. రెండూ కలిపితేనే నాకు పట్టిన గతి పడుతుంది.

2. ముడిసరుకు బయట వెతక్కండి, ఇంట్లోనే ఉంది

మనవాళ్ళకి ఇదేం కొత్త కాదు, ఇంటర్నెట్టుకి ముందు కలం పేర్లు ఉండేవి. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి గారు నక్షత్రం పేరు తీసుకుని ఆరుద్ర అయ్యారు, కిళాంబి నరసింహాచార్యులు గారు గోత్రం పేరుతో ఆత్రేయ అయ్యారు. శ్రీరంగం శ్రీనివాసరావులో ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు మొదటి అక్షరం కలిస్తే శ్రీశ్రీ. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి గారైతే జరుక్ శాస్త్రి, పలుకుతుంటేనే సరదాగా ఉంటుంది. బీనాదేవి అని ఒక్కరే అనుకుంటారు చాలామంది, వాళ్ళు ఇద్దరు, భార్యాభర్తలు, ఇప్పటి జాయింట్ అకౌంట్ లాంటిది అన్నమాట. ఇక 1965లో వచ్చిన దిగంబర కవులు ఆరుగురూ అసలు పేర్లు పక్కన పడేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని పెట్టుకున్నారు, చదవగానే వీళ్ళు జోలపాటలు రాసేవాళ్ళు కాదని తెలిసిపోతుంది. పేరంటే అలా పని చెయ్యాలి.

కాబట్టి ఒక కాయితం తీసుకుని ఇవి రాయండి: ఇంట్లో పిలిచే పేరు (బుజ్జి, పండు, చిట్టి, నాని... ఇవి ఎప్పుడో అయిపోయుంటాయి, అయినా రాయండి), ఇంటిపేరు, నక్షత్రం, ఊరు, ఊళ్ళో చెరువు పేరో గుట్ట పేరో, మీకు బాగా ఇష్టమైన తిండి, మీ అమ్మమ్మ ఎప్పుడూ తిట్టే తిట్టు. ఆ చివరిది తేలిగ్గా తీసుకోకండి, మా చెల్లెలు "తిక్కమాలోకం" అనే దాంతోనే పదేళ్ళుగా నెగ్గుకొస్తోంది, ఒక్కసారి విన్నవాళ్ళెవరూ మర్చిపోలేదు.

హీరో పేరు పెట్టుకునేవాళ్ళకి నేను చెప్పినా వినరు. కానీ ఆ పేరు ముందే లక్షమంది దగ్గర ఉంటుంది, మీ వంతుకి చివర ఆరు అంకెలు మిగులుతాయి. పైగా మీరు ఉప్మా గురించి రాసినా అవతలి హీరో ఫ్యాన్స్ వచ్చి తిట్టిపోతారు.

3. రెండు ముక్కలు అతికించి చూడండి

జరుక్ ఫార్ములా ఇప్పటికీ పని చేస్తుంది. ఇంటిపేరులో ఒక అక్షరం, పేరులో రెండు. కాకపోతే పైకి అని చూసుకోండి, ఇంటిపేరు "కొ"తో మొదలై పేరు రమ అయితే కొరమ అవుతుంది, జనం కుర్మా అని పిలుస్తారు. అది కూడా మంచి పేరే అనుకోండి. లేదా కలవని రెండు మాటలు పక్కపక్కన పెట్టండి, ఆవకాయ ఇంజినీర్, నిద్రగన్నేరు బాబాయ్, అలా.

4. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడండి, అసలు గొడవంతా ఇక్కడే

తెలుగులో ఎంత ముద్దుగా ఉన్న పేరైనా ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళాక ఏమవుతుందో చెప్పలేం. "మల్లి" అని పెట్టుకుంటారు, చదివేవాడు "మళ్ళీ" అంటాడు. "కల" అనుకుని పెడితే ఒకరు కళ అంటారు, హిందీ వాళ్ళు కాలా, అంటే నలుపు అంటారు. వెన్నెలకి ఎన్‌లు రెండా ఒకటా? సీతలో టీ ఒక్కటేనా, పక్కన హెచ్ కూడానా? మనం త రాయడానికి హెచ్ పెడతాం, ఉత్తరాదివాళ్ళు చాలామంది పెట్టరు, అందుకని వాళ్ళు మిమ్మల్ని వెతికితే వేరే సీత దొరుకుతుంది.

పరీక్ష చాలా ఈజీ: ఒక ఫ్రెండుకి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పండి, స్పెల్లింగ్ చెప్పొద్దు, టైప్ చేసి పంపమనండి. తప్పు వస్తే ఇంకొకళ్ళకి చెయ్యండి. ఇద్దరూ తప్పు కొడితే ఆ పేరు ఎంత నచ్చినా వదిలెయ్యండి. నేనైతే దీన్ని దాటని పేరు పెట్టుకోను.

పొడవు కూడా చూసుకోవాలి, ఎక్స్‌లో (పాత ట్విట్టర్) హ్యాండిల్, అంటే @ గుర్తు తర్వాత వచ్చే పేరు, 15 అక్షరాలు దాటనివ్వదు, ఇన్‌స్టాలో 30 దాకా ఇస్తుంది, అన్నిచోట్లా ఒకే పేరు కావాలంటే 15 లోపు ఆపెయ్యడమే. తెలుగు లిపిలోనే కావాలంటే తెలుగు వికీపీడియాలో వాడుకరి పేరు హాయిగా తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఎక్స్‌లో మాత్రం హ్యాండిల్‌కి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అంతే, పైన కనపడే పేరు తెలుగులో రాసుకోవచ్చు.

5. అంకెలు, గుర్తులు

వీలైతే వద్దు. గేమర్లు పేరు చివర ఒక నవ్వు మొహం లాంటిది పెడుతుంటారు కదా, అది నిజానికి మొహం కాదు, జపాన్ వాళ్ళ కతకానా లిపిలో "త్సు" అనే అక్షరం. చూడ్డానికి బావుంటుంది, కానీ మిమ్మల్ని టీమ్‌లోకి పిలవాలనుకున్నవాడు దాన్ని ఏ కీబోర్డులో కొట్టాలి? చుక్కల సంగతి ఇంకోటి, జీమెయిల్‌లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే లెక్క, ఇన్‌స్టాలో చుక్క ఉంటే అది వేరే మనిషి.

6. పేరు మీ గురించి ఏం చెప్పేస్తోందో చూడండి

పుట్టిన సంవత్సరం పెడితే వయసు తెలిసిపోతుంది, పెళ్ళి సంబంధం దాకా ఎందుకు, ఓటీపీ అడిగే మోసగాళ్ళకి కూడా అది పనికొస్తుంది. మొబైల్ నంబర్ ముక్కలు అసలే వద్దు. ఈ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, చాలా యాప్‌లలో డిఫాల్ట్‌గా వచ్చే యూపీఐ ఐడీలో మీ పూర్తి నంబరే ఉంటుంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వేరేది పెట్టుకోవచ్చేమో ఒకసారి చూసుకోండి.

ఇంటిపేరో తోకో పెడితే మన దగ్గర కులం లెక్కలు కట్టేస్తారు, మీరు క్రికెట్ గురించి మాట్లాడినా అదే కోణంలోంచి చదువుతారు. కావాలనే పెట్టుకునేవాళ్ళున్నారు, అది వాళ్ళిష్టం. ఆడపిల్లలు చాలామంది మగో ఆడో తెలియని పేరు పెట్టుకుంటారు, మా చెల్లెలు మొదట సొంత పేరుతోనే ఉండేది, రోజూ "హాయ్ డియర్"లు తుడుచుకోలేక తిక్కమాలోకం అయింది. నవ్వులాటగా చెప్తుంది గానీ కారణం నవ్వులాట కాదు.

పిల్లల పేరూ, స్కూలు పేరూ కలిపి పెట్టుకునే అమ్మానాన్నలు దయచేసి ఇవాళే మార్చుకోండి.

7. వెతికి, ఒకేరోజు అన్నిచోట్లా పట్టుకోండి

ముందు ఆ పేరు గూగుల్లో కొట్టి చూడండి, ఆ పేరుతో ఇంకెవరైనా గొడవల్లో ఉన్నారేమో తెలుస్తుంది. ఖాళీగా ఉంటే వాడినా వాడకపోయినా నాలుగైదు చోట్ల అకౌంట్ తెరిచి పెట్టుకోండి. ఎక్స్‌లో, ఇన్‌స్టాలో తర్వాత మార్చుకోవచ్చు, రెడిట్‌లో యూజర్ నేమ్ ఖాయమయ్యాక మార్చడానికి లేదు, అక్కడ మాత్రం ఒక రాత్రి నిద్రపోయి పొద్దున పెట్టుకోండి.

పాత పేరుని తొందరపడి డిలీట్ చెయ్యకండి, ఎక్కడెక్కడ ఆ మెయిల్ ఇచ్చారో గుర్తుండదు, పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు లింకు దానికే పోతుంది. నా ప్రేమపక్షి ఇంకా బతికే ఉంది, ఇంటి కరెంటు బిల్లు ప్రతి నెలా దాని పేరు మీదే వస్తుంది, మా ఆవిడ ముందు మాత్రం ఓపెన్ చెయ్యను.