పిల్లలైనా పెద్దలైనా నెట్‌బాల్ ఆడడం ఎలా మొదలుపెట్టాలి

ఆస్ట్రేలియాలో బడికి వెళ్లే ఆడపిల్ల ఏదో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, స్నేహితురాళ్లందరూ శనివారం నెట్‌బాల్ ఆడుతున్నారనీ, తననూ చేర్పించమనీ అడుగుతుంది. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ వంటి చోట్ల స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామంది ఆ ఆట పేరు వినడం అప్పుడే మొదలు. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. అమ్మాయిని చేర్పించిన రెండో ఏడాది నేనూ పెద్దల జట్టులో చేరాను. ఎనిమిదేళ్ల పిల్ల మొదట నేర్చుకోవలసినదీ, నలభై ఏళ్ల మనిషి మొదట నేర్చుకోవలసినదీ ఒకటేనని ఆ రెండేళ్లలో నాకు అర్థమైంది. బంతి చేతికి అందిన క్షణంలో కాళ్లను ఎలా నిలపాలన్నదే ఆ మొదటి పాఠం. గోల్ వేయడం దాని తర్వాతి సంగతి.

చూడడానికి బాస్కెట్‌బాల్‌లా కనిపించే ఈ ఆట నిజంగా దాని నుంచి పుట్టినదే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలైన బాస్కెట్‌బాల్ ఆ దశాబ్దంలోనే ఇంగ్లండ్‌లోని మహిళా వ్యాయామ కళాశాలలకు చేరి, బంతిని నేలకు కొడుతూ పరుగెత్తే పద్ధతిని వదులుకుని క్రమంగా వేరే ఆటగా మారింది. ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉన్న నియమాలను ఒక దారికి తేవడానికి 1960లో శ్రీలంకలో సమావేశం జరిగింది. 1963లో ఈస్ట్‌బోర్న్‌లో తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. 2023 వరకు జరిగిన 16 ప్రపంచ పోటీల్లో 12 సార్లు ఆస్ట్రేలియాయే గెలిచింది. 1979లో మరో రెండు దేశాలతో పంచుకున్న విజయం కూడా ఇందులో ఉంది. మన దేశానికీ ఇది పూర్తిగా కొత్త ఆట కాదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో భారత మహిళల జట్టు బరిలోకి దిగింది.

కోర్టు పొడవు 30.5 మీటర్లు, వెడల్పు 15.25 మీటర్లు. అడ్డంగా గీసిన రెండు గీతలు దాన్ని మూడు సమాన భాగాలు చేస్తాయి. రెండు చివర్లలోనూ 4.9 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం, దాని మొదట్లో 3.05 మీటర్ల ఎత్తున రింగు ఉన్న స్తంభం ఉంటాయి. బాస్కెట్‌బాల్‌లో మాదిరిగా రింగు వెనుక బోర్డు ఉండదు. జట్టుకు ఏడుగురు, పావుగంట చొప్పున నాలుగు భాగాలు. చిన్నపిల్లలకూ సాయంత్రపు సరదా పోటీలకూ ఈ సమయాన్ని బాగా తగ్గిస్తారు.

ఇక అసలు నియమం. పరుగెత్తుతూ బంతి పట్టుకున్న ఆటగత్తె ముందుగా ఏ పాదం మీద దిగిందో అది ఆమె 'దిగిన పాదం'. రెండో పాదాన్ని ఏ దిక్కుకైనా, ఎన్నిసార్లైనా కదపవచ్చు. దిగిన పాదం మీద గిరగిరా తిరగనూ వచ్చు. దిగిన పాదాన్ని పైకి ఎత్తవచ్చు గానీ, అది మళ్లీ నేలను తాకేలోగా బంతి చేయి దాటిపోవాలి. రెండు పాదాలూ ఒకేసారి నేలను తాకితే ఏ పాదాన్ని నిలపాలో ఆమె ఇష్టం. గెంతడం, పాదాన్ని ఈడ్వడం తప్పు. అంపైర్ ఈల వేసి 'స్టెప్పింగ్' అంటే ఈ నియమం తప్పారన్నమాట, బంతి అవతలి జట్టుకు పోతుంది. మొదటి సీజన్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినబడే మాట ఇదే. కాబట్టి దీనితోనే మొదలుపెట్టండి.

ఇందుకు కోర్టు అక్కరలేదు, ఇంటి వెనుక పెరడు చాలు. మా అమ్మాయికి నేను చేయించిన అభ్యాసం ఇది. పది అడుగుల దూరం నుంచి ఆమె నా వైపు పరుగెత్తుకు వస్తుంది. నేను ఛాతీ ఎత్తుకు బంతి విసురుతాను. ఆమె గాలిలోకి లేచి బంతి పట్టి, 'ఒకటి' అంటూ ఒక పాదాన్నీ 'రెండు' అంటూ రెండో పాదాన్నీ దించి, మోకాళ్లు వంచి అలాగే నిలిచిపోతుంది. నిలిచాక తల ఎత్తి చూసి, ఆ తర్వాతే బంతి తిరిగి విసురుతుంది. మొదట్లో 'రెండు' దగ్గర ఆగలేక మూడో అడుగు పడిపోయేది. పరుగు వేగాన్ని ఆపలేక నడుము ముందుకు తూలడమే దానికి కారణం. తుంటిని కాస్త వెనక్కి దించి, పాదాలను భుజాలంత వెడల్పున ఉంచమని చెప్పిన వారం రోజులకు ఆ మూడో అడుగు పోయింది. కుడి పాదం మీద పది, ఎడమ పాదం మీద పది, రెండు పాదాలతో పది, రోజూ ఇంతే. ఎడమ పాదం మీద దిగడం చాలామందికి కష్టమనిపిస్తుంది కాబట్టి దానికి మరో ఐదు కలపండి.

బంతిని మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోకూడదు. మన ఊళ్లలో హైస్కూల్లోనో కాలేజీలోనో త్రోబాల్ ఆడినవారికి ఈ లెక్క ఇదివరకే ఒంటబట్టి ఉంటుంది, ఎందుకంటే అక్కడా మూడు సెకన్లే. నాతో పాటు జట్టులో చేరిన మరో తెలుగావిడ మొదటి రోజే బంతిని గట్టిగా పట్టి వెంటనే విసరడం చూసి, ఇంతకు ముందు ఎక్కడ ఆడావని కోచ్ అడిగింది. ఆమె ఆడినదల్లా కాలేజీలో త్రోబాలే. మన కాలేజీ ఆటలు ఇక్కడ పనికిరావని ఎవరూ అనుకోనక్కరలేదు. ఖోఖో ఆడినవారి కాళ్లకు ఉన్నట్టుండి ఆగడం, దిశ మార్చడం ముందే తెలుసు.

పాస్‌లలో మొదట ఛాతీ పాస్, భుజం మీదుగా ఒంటిచేతి పాస్ నేర్చుకోవాలి. ఇంటి గోడ మీద చాక్‌పీసుతో ఛాతీ ఎత్తున చిన్న చదరం గీసి, మూడు మీటర్ల దూరం నుంచి బంతిని అందులోకి కొట్టి తిరిగి పట్టుకోండి. విసిరేటప్పుడు ఒక కాలు ముందుకు వేస్తే ఒంటి బరువు బంతి వెనుకకు చేరుతుంది. పట్టుకునేటప్పుడు వేళ్లు విప్పి, బొటనవేళ్లు దగ్గరగా ఉంచి, బంతిని ఛాతీ వైపు లాక్కోవాలి. అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు పట్టబోతే వేళ్లు బెణుకుతాయి.

బంతితో పరుగెత్తే వీలు లేదు కాబట్టి ఆటంతా బంతి లేనివారి కాళ్లలోనే ఉంటుంది. బంతి పట్టుకున్నామె నిలిచిపోతుంది. మిగతా వాళ్లు ఖాళీ చోటులోకి దూసుకువెళ్లి ఆమెకు అందుబాటులోకి రావాలి. కోర్టులోని మూడు భాగాల్లో ఏ ఒక్కదాన్నీ పూర్తిగా దాటేలా బంతిని విసరకూడదనీ, ప్రతి భాగంలోనూ ఎవరో ఒకరి చేయి దానికి తగలాలనీ నియమం ఉండడంతో ఎంత బలమైన చేయి ఉన్నా ఒంటరిగా ఆట నడపలేరు. అడ్డుకునేవారు బంతి ఉన్నామె దిగిన పాదానికి 0.9 మీటర్ల దూరాన నిలబడాలి. అక్కడి నుంచి చేతులు ఎంత చాచినా, ఎంత ఎగిరినా తప్పు లేదు గానీ ఒంటికి తగిలితే తప్పు. కబడ్డీ అలవాటున్నవారు మొదటి నెలంతా చేతులు వెనక్కి కట్టుకుని ఆడినంత జాగ్రత్తగా ఉండాలి.

ఏడుగురి ఛాతీ మీదా వెల్క్రోతో అతికించిన అక్షరాలు చూసి కొత్తవారు బెదిరిపోతారు గానీ, అవి ఎవరు ఎక్కడి వరకు వెళ్లవచ్చో చెప్పే గుర్తులు మాత్రమే. గోల్ షూటర్ తన జట్టు గోల్ వేసే చివరి భాగంలోనే ఉంటుంది. గోల్ అటాక్ అక్కడా మధ్య భాగంలోనూ తిరుగుతుంది. ఈ ఇద్దరే గోల్ వేయగలరు. వింగ్ అటాక్ కూడా ఆ రెండు భాగాల్లోనే తిరుగుతుంది కానీ అర్ధవృత్తంలోకి అడుగుపెట్టకూడదు. సెంటర్ రెండు అర్ధవృత్తాలు తప్ప కోర్టంతా తిరగవచ్చు. వింగ్ డిఫెన్స్, గోల్ డిఫెన్స్, గోల్ కీపర్ ఆ ముగ్గురికీ అవతలి వైపు అద్దంలో ప్రతిబింబాల వంటివారు. హద్దు గీతను తొక్కితే తప్పు లేదు, దాన్ని దాటి అవతల అడుగు పెడితే ఆఫ్‌సైడ్. పొడవైన పిల్లలను పట్టుకుని గోల్ కీపర్‌గా స్థిరపరచడం నాకు నచ్చని అలవాటు. పదేళ్లలోపు పిల్లలు వారానికో అక్షరం మార్చుకుంటూ ఆడితేనే కోర్టు మొత్తం అర్థమవుతుంది. మంచి కోచ్‌లు అలాగే ఆడిస్తారు కూడా.

గోల్ వేయడం గురించి ఒక్క మాట. రింగు లోపలి వ్యాసం 38 సెంటీమీటర్లు, పెద్దల బంతి వ్యాసం సుమారు 22 సెంటీమీటర్లు. వెనుక బోర్డు లేదు కనుక తాకించి లోపలికి వేయడం కుదరదు, బంతి పైనుంచే దిగాలి. బంతిని తలపైన వేళ్ల కొనల మీద నిలిపి, మోచేతిని రింగు వైపు ఉంచి, మోకాళ్లు వంచి లేస్తూ మణికట్టు విరుపుతో ఎత్తుగా పంపాలి. స్తంభానికి ఒక్క అడుగు దూరంలో మొదలుపెట్టి, పదింటిలో ఏడు పడుతున్నప్పుడే మరో అడుగు వెనక్కి జరగండి. టీవీలో సూపర్ నెట్‌బాల్ చూసే పిల్లలు దూరం నుంచి వేస్తే రెండు పాయింట్లు వస్తాయంటారు. అది 2020 నుంచి ఆ లీగ్‌లో ప్రతి క్వార్టర్ చివరి ఐదు నిమిషాలకు పెట్టిన ప్రత్యేక నియమం. శనివారం క్లబ్ ఆటలో ప్రతి గోల్‌కూ ఒక్కటే.

చేర్పించే పద్ధతికి వస్తే, ఐదు నుంచి పదేళ్ల పిల్లలకు నెట్‌బాల్ ఆస్ట్రేలియా వారి నెట్‌సెట్‌గో అనే కార్యక్రమం ఉంది. అందులో చిన్న బంతి, అంటే నాలుగో సైజు, తక్కువ ఎత్తు స్తంభం వాడతారు. మగపిల్లలనూ చేర్చుకుంటారు. శీతాకాలపు సీజన్ ఏప్రిల్ ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి ఫిబ్రవరిలోనే దగ్గరలోని క్లబ్‌కు రాయడం మంచిది, ఆలస్యమైతే జట్లు నిండిపోతాయి. కొంచెం పెద్ద పిల్లలను జట్లుగా విడదీయడానికి 'గ్రేడింగ్' చేస్తారు. ఆ రోజు కింది జట్టులో పేరు వచ్చిందని పిల్ల ఏడిస్తే, మొదటి ఏడాది అక్కడ బంతి ఎక్కువసార్లు చేతికి వస్తుందని చెప్పండి. అది ఓదార్పు మాట కాదు, నిజం.

మన ఇళ్లకు సంబంధించిన విషయం ఒకటుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మ్యాచ్‌కు ముందు అంపైర్ అందరి చేతులూ చూస్తుంది. అరచేతి వైపు నుంచి చూసినప్పుడు గోరు వేలి కొనను దాటి కనబడితే అక్కడికక్కడే కత్తిరించాలి. నగలు అసలు పనికిరావు. గాజులు, గొలుసు, చెవిదుద్దులు, ముక్కుపుడక, పట్టీలు, అన్నీ తీయాల్సిందే. పెళ్లి ఉంగరాన్ని మాత్రం టేపు చుట్టి ఉంచుకోనిస్తారు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని పెద్దలు ఈ సంగతి చేరక ముందే ఆలోచించుకోవాలి. పిల్లకు చెవులు కుట్టించాలనుకుంటే సీజన్ ముగిశాక కుట్టించండి, ఎందుకంటే కొత్తగా కుట్టిన దుద్దులు వారాల తరబడి తీయకూడదు, పెట్టుకుంటే ఆడనివ్వరు. పొట్టి గౌను గురించి బెంగ వద్దు. లెగ్గింగ్స్, పూర్తి చేతుల చొక్కా లోపల వేసుకోవడానికి ఇప్పుడు చాలా క్లబ్బులు ఒప్పుకుంటున్నాయి. ముందుగా అడిగి రంగు కనుక్కుంటే చాలు.

డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే బూట్ల మీద పెట్టండి. జాగింగ్ బూట్లు తిన్నగా పరుగెత్తడానికి చేసినవి. ఈ ఆటలో పాదం పక్కలకు జారకుండా పట్టి ఉంచేవి కావాలి. ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేవి చీలమండ, మోకాలు, వేళ్లు. మోకాలిలోని లిగమెంట్ తెగడం తరచుగా ఎవరూ తాకకుండానే, దిగిన తీరు వల్లనే జరుగుతుంది. మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల వరసలో ఉండేలా, మెత్తగా, చప్పుడు లేకుండా దిగడం నేర్చుకోవాలి. 'నీ' (ఇంగ్లిషులో మోకాలు, KNEE) అని పిలిచే వార్మప్ అభ్యాసాలను నెట్‌బాల్ ఆస్ట్రేలియా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. వారానికి రెండుసార్లైనా అవి చేయకుండా పెద్దలెవరూ కోర్టులోకి దిగకండి.

పెద్దలకు దారులు చాలానే ఉన్నాయి. వారంలో ఒక సాయంత్రం ఇండోర్ స్టేడియంలో జరిగే సరదా పోటీలు, మగవారూ ఆడవారూ కలిసి ఆడే మిక్స్‌డ్ జట్లు, పరుగు లేకుండా నడుస్తూ ఆడే వాకింగ్ నెట్‌బాల్, అన్నీ ఉన్నాయి. కాన్పు తర్వాతో, చాలా ఏళ్ల విరామం తర్వాతో వచ్చేవారికి ఈ నడక ఆటే సరైన మొదలు. అంతకు ముందు డాక్టరుకో ఫిజియోకో ఒక మాట చెప్పండి. జట్టు లేదని ఆగవద్దు. ఆ వారం రాలేనివారి స్థానంలో ఆడే 'ఫిల్-ఇన్' కోసం ప్రతి జట్టూ వెతుకుతూనే ఉంటుంది. నేను మొదటి మూడు వారాలు అలాగే ఆడాను. వింగ్ డిఫెన్స్ అక్షరాలు ఇమ్మని అడిగాను. తిరగవలసిన చోటు తక్కువ, గోల్ బాధ్యత లేదు, ఎదుటి వింగ్ అటాక్ వెంట నీడలా తిరిగితే సగం ఆట దానంతటదే తెలుస్తుంది.

మొదటి మ్యాచ్ రోజు అరగంట ముందు వెళ్లండి. వాన పడితే తారు కోర్టు జారుతుంది కాబట్టి బూటు అడుగు తుడిచే పాత తువ్వాలు, నీళ్లు, విరామంలో పంచడానికి కోసిన నారింజ ముక్కలు పట్టుకెళ్లండి. పక్క నుంచి పిల్లకు సలహాలు కేకలు వేయవద్దు, కోచ్ మాట ఒక్కటే ఆమెకు వినబడాలి. స్కోరు రాసే వంతు తల్లిదండ్రులకు తిరుగుతూ వస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు గోల్స్‌తో పాటు ప్రతి సెంటర్ పాస్, అంటే గోల్ పడ్డాక కోర్టు మధ్య నుంచి ఆటను మళ్లీ మొదలుపెట్టే పాస్, ఎవరిదో కూడా గుర్తు పెట్టాలి. గోల్ ఎవరు వేసినా తర్వాతి పాస్ జట్ల మధ్య వంతులవారీగా మారుతుంది, సందేహం వస్తే అంపైర్ చూసేది మీ కాగితాన్నే. అందుకే పెన్సిల్ రెండు తీసుకెళ్లండి.