పెద్దవాళ్లతో రోమ్ ప్రయాణం

బెంగళూరు నుంచి రోమ్ వెళ్లాలంటే ముందు షెంగెన్ వీసా (ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే వీసా) సంగతి చూడండి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

మా అమ్మలా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వస్తుంటే రోజుకు ఒక్క పెద్ద చోటే పెట్టుకోండి. పాత రోమన్ల పోటీల మైదానం కొలోసియం టికెట్‌తోనే పక్కనున్న పాత శిథిలాలు ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు, ఆ రోజుకు అదే బోలెడు. వాటికన్ మ్యూజియంలకు నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు సెలవు.

పాత రోమన్ గుడి పాంథియన్‌లో మాత్రం తొందరపడకండి. గోపురం నడినెత్తిన పెద్ద కంత, దానికి మూత లేదు. వాన నేరుగా లోపల పడి, నేలలోని చిన్న చిన్న రంధ్రాల్లోంచి పోతుంది. సుమారు 1900 ఏళ్ల నాటి కట్టడం!

నీళ్లసీసాలు కొనక్కర్లేదు. రోమ్ వీధి కుళాయి మూతిని వేలితో మూస్తే పైబెజ్జంలోంచి నీళ్లు చిమ్ముతాయి, వంగకుండానే తాగొచ్చు.